బాత్‌రూమ్ తాళంచెవి

అంద్రెయ మాస్టారిని చూసినవాళ్ళంతా ఒకటే మాట అనేవారు, అదృష్టవంతుడని. ఒడిశాలోని టికిరి సంతలో వంకాయలు ఏరుతూ ఏరుతూ పక్కకి ఒరిగిపోయిన మనిషి, మూతి వంకరపోయి, ఎడమ చెయ్యీ కాలూ చచ్చుబడి, విశాఖపట్నం దాకా అంబులెన్సులో వెళ్ళిన మనిషి, ఏడాది తిరగకుండా తన కాళ్ళ మీద నడిచి వచ్చి మళ్ళీ బడిలో సుద్దముక్క పట్టుకున్నాడంటే అదృష్టం కాక మరేమిటి? మాట తేటపడింది. కాలు కాస్త ఈడ్చినా నడక నడకే. ఎడమచేతి వేళ్ళు మాత్రం బొత్తాల దగ్గర మొరాయించేవి. దారిలో ఎదురైన ప్రతివాడూ భుజం తట్టి, దేవుడు చల్లగా చూశాడు మాస్టారూ అనేవాడు. అంద్రెయ తలూపేవాడు. ఆ తట్టిన చేతిని విదిలించి కొట్టాలని మాత్రం లోపల ఉండేది.

తిరిగి రానిది ఒకటుంది. దాని సంగతి ఎవరూ అడగలేదు. అతనూ చెప్పలేదు.

అందరికీ ఉన్నట్టే అతనికీ పూర్వం మూత్రం వస్తోందంటే ముందుగా ఒక కబురు అందేది. కబురందాక మనిషికి కాస్త వ్యవధి ఉంటుంది. పాఠం ముగించుకోవచ్చు, ఎదుటివాడి మాట వినొచ్చు, తాపీగా లేచి వెళ్ళొచ్చు. జబ్బు చేశాక ఆ వ్యవధి పోయింది. కబురూ వరదా ఒక్కసారే వచ్చేవి. లేచి నిలబడేసరికే పంట్లాం తడిసేది. విశాఖలో డాక్టరు అతన్ని ఇంటికి పంపేముందు చెయ్యి ఎత్తించి చూశాడు, కాలు నొక్కి చూశాడు, నాలుక చాపించాడు, అంకెలు వెనక్కి లెక్కపెట్టించాడు. లెక్కల మాస్టారు గనక గబగబా లెక్కపెట్టాడు. అందరూ నవ్వారు. అక్కడితో పరీక్ష అయిపోయింది.

తర్వాత అతని బతుకు కొంచెం కొంచెంగా ముడుచుకుపోయింది. మొదట టీ మానేశాడు. తర్వాత పగలు మంచినీళ్ళు మానేశాడు. నాలుక పిడచగట్టుకుపోయి పాఠం చెబుతుంటే మాట అంటుకుపోయేది, అది పక్షవాతం వల్ల అనుకునేవారు పిల్లలు. ఆదివారం గుడికి వెళ్ళడం మానేశాడు. పాస్టరుగారి ప్రసంగం ఎప్పుడు ముగుస్తుందో దేవుడికే తెలియదు. రాయగడలో చెల్లెలి కూతురి పెళ్ళికి వెళ్ళనన్నాడు. బస్సు ఎక్కితే దిగేదాకా మనిషి డ్రైవరు దయ మీద ఉండాలి. వెళ్ళకపోవడానికి కాలునొప్పి అని చెప్పాడు. అంద్రెయకి గర్వం పెరిగిందని చెల్లెలు అందరితో అంది. పెళ్ళయిన నాటినుంచీ దయావతి పక్కన పడుకున్నవాడు వేరే మంచం వేయించుకుని దాని మీద రబ్బరుషీటు పరుచుకున్నాడు. చలికి ఆ రబ్బరు కాలికి తగిలినప్పుడల్లా, తను శవాన్ని మోసే గుడ్డ మీద పడుకున్నట్టు ఉండేది.

దయావతి ఊళ్ళోని ఆస్పత్రిలో నర్సు. ఇరవైయేళ్ళుగా ఊరివాళ్ళ మలమూత్రాలు ఎత్తిన చెయ్యి ఆమెది. ముసలివాళ్ళని పేరు పెట్టి పలకరించి, అన్నీ అడిగి, నవ్వించి మరీ సేవ చేసేది. ఇంట్లో మాత్రం ఒక్క మాటా అడగలేదు. పొద్దున్నే తడిసిన దుప్పటి తీసి ఉతికి ఆరేసేది. ఒకరోజు డ్యూటీ నుంచి వస్తూ పెద్దవాళ్ళకి కట్టే డైపర్ల పేకెట్టు తెచ్చి, ఏమీ చెప్పకుండా అతని మంచం మీద పెట్టి వంటింట్లోకి వెళ్ళిపోయింది. అంద్రెయ దాన్ని కాలితో తన్నాడు, బాగున్న కాలితో. పేకెట్టు బల్ల కిందకి దొర్లిపోయింది. ఆమె అక్కడే వదిలేసింది. అతనూ వదిలేశాడు. ఇద్దరూ దాని పక్కనుంచే నెలల తరబడి నడిచారు.

జూన్‌లో వేసవి సెలవులయ్యాక బడి తెరిచారు. అది ఒక కమిటీవాళ్ళు నడిపే ఇంగ్లీషు మీడియం స్కూలు. అంద్రెయ అందులో పదో తరగతికి లెక్కలు చెబుతాడు. బడిలో ఆఫీసుగది పక్కనే శుభ్రమైన బాత్‌రూమ్ ఒకటి ఉంది. తెల్లని పలకలు, కుళాయి, గోడకి అద్దం. దానికి ఎప్పుడూ తాళం. కమిటీ పెద్దలొచ్చినప్పుడూ, ఇన్‌స్పెక్షన్లప్పుడూ తీస్తారు. తాళంచెవి హెడ్మాస్టరు మనోరంజన్ బాబు సొరుగులో ఉంటుంది. మిగిలినవాళ్ళంతా మైదానం దాటి, మెట్లు దిగి, గోడవార ఉన్న మరుగుదొడ్డికి పోవాలి. దానికి తలుపు సరిగ్గా పడదు. జబ్బు చేయకముందు అంద్రెయ ఆ సంగతి ఆలోచించనే లేదు. ఇప్పుడా మెట్లు అతనికి కొండంత.

బడి తెరిచిన వారంలోనే హెడ్మాస్టరు దగ్గరికి వెళ్ళి తాళంచెవి అడిగాడు. అసలు సంగతి చెప్పడానికి నోరు రాలేదు. కాలు లాగుతోందనీ, మెట్లు దిగలేకపోతున్నాననీ చెప్పాడు. మనోరంజన్ బాబు చెడ్డమనిషేమీ కాదు. విశాఖకి చూడ్డానికి వచ్చి పళ్ళు కూడా ఇచ్చిపోయాడు. ఆయన మెత్తగా, ఒకరికిస్తే అందరికీ ఇవ్వాలనీ, అందరూ వాడితే అది నాలుగు రోజుల్లో పాడైపోతుందనీ, కొంచెం సర్దుకోమనీ చెప్పాడు. సర్దుకోమన్న ఆ మాట అంద్రెయ గొంతులో చేపముల్లులా ఇరుక్కుంది. ఒళ్ళు సర్దుకోనంటోంది అని ఎలా చెప్పడం?

జూలైలో ముసురు పట్టిన రోజున అయ్యేది అయ్యింది. త్రికోణమితి చెబుతుండగా పొత్తికడుపులో మెలిపెట్టింది. సుద్దముక్క బల్ల మీద పడేసి బయటికి నడిచాడు. మైదానమంతా బురద. మెట్లు పాచిపట్టి ఉన్నాయి. వెనక్కి తిరిగి ఆఫీసువైపు ఈడ్చుకుంటూ పోయాడు. తాళం వేసిన తలుపు దగ్గర నిలబడి పక్కగదిలోకి చూస్తే, మనోరంజన్ బాబు ఎవరో పిల్ల తల్లిదండ్రులతో మాట్లాడుతున్నాడు. అంద్రెయ తాళంచెవి అన్నాడు. ఆయన అయిదు నిమిషాలు అన్నట్టు చెయ్యి చూపించాడు.

ఆ చెయ్యి ఇంకా గాల్లో ఉండగానే అయిపోయింది. వెచ్చగా తొడల వెంబడి దిగి, చెప్పుల్లోకి చేరి, వరండా గచ్చు మీద పారింది. ఎదురుగా తొమ్మిదో తరగతి. కిటికీలన్నీ తెరిచే ఉన్నాయి. ఎవరో కిసుక్కుమన్నారు, ఎవరో ఆ నవ్వినవాణ్ణి కసిరారు. లోపలున్న తల్లిదండ్రులు తలలు దించుకున్నారు. అన్నిటికన్నా వాళ్ళు తల దించుకోవడమే అతన్ని ఎక్కువ మండించింది. గొడుగు తీసుకోలేదు. వానలో సంతవీధి మీదుగా ఇంటికి నడిచాడు. వాన పడుతోంది గనక ఊరికి తేడా తెలియలేదు.

ఇంటికి చేరేసరికి దయావతి గుమ్మంలో తువ్వాలు పట్టుకుని నిలబడి ఉంది. అప్పుడే డ్యూటీ దిగి వచ్చిందేమో అనుకున్నాడు. కాదు, సెలవు పెట్టి వచ్చింది. హెడ్మాస్టరు ఆమెకి ఫోన్ చేశాడు. అంద్రెయ బట్టలు మార్చుకుని వచ్చి కుర్చీలో కూర్చున్నాడు.

"ఆయన నీకెందుకు ఫోన్ సేసేడు? ఆ బడిలో ఉద్యోగం నాదా, నీదా?"

జరిగింది చెప్పడానికి చేశాడని ఆమె అంది. పాపం, చాలా బాధపడ్డాడని కూడా అంది.

"నువ్వేటన్నావు?"

ఆమె తువ్వాలు మడతపెడుతూ, తలెత్తకుండా చెప్పింది. తప్పయిపోయింది, ఏమీ అనుకోవద్దని అందట. ఇకమీదట ఇంట్లోనే ఉండి విశ్రాంతి తీసుకుంటారులే, ఉద్యోగం మానిపిస్తానులే అని కూడా అందట. 

అంద్రెయకి అరికాలి మంట నెత్తికెక్కింది. జబ్బు చేశాక అంత గట్టిగా ఎప్పుడూ మాట్లాడలేదు. మాట తడబడినా ఆగలేదు.

"తప్పేటి? నానేం తప్పు సేసేను? దొంగతనం సేసేనా? నన్నడక్కండా నా ఉద్యోగం మానిపించీడానికి నువ్వెవలు? ఆస్పత్రిలో ముసిలోళ్ళందర్నీ అడుగుతావు కదా, పాసు సరిగ్గా అవుతందా తాతా అని. నన్నెప్పుడైనా అడిగేవా? ఒక్కపాలి? కుక్కకి కూడు పడీసినట్టు పేకెట్టు మంచం మీద పడీసి పోయేవు."

దయావతి అప్పటిదాకా మెత్తగానే ఉంది. ఆ మాటకి ఆమె కళ్ళు మారిపోయాయి. తువ్వాలు విసిరికొట్టింది.

"అడిగితే సెప్పీసీవారా? నోరెత్తితే కరిసీలాగున్నారు. ఇన్ని నెల్ల బట్టి మీ దుప్పట్లు ఎవలు ఉతికేరు? ఒక్క మాటన్నానా నేను?"

"అనుంటే బాగున్ను. తిట్టుంటే బాగున్ను. నోరు మూసుకుని ఉతికీసి, ఇదేదో ఇంట్లో పీనుగు లేచినట్టు..."

"రోగుల్ని అడగడం నా ఉద్యోగం" అంది దయావతి. "మిమ్మల్నడిగితే మీరూ రోగే అయిపోతారు. ఆస్పత్రి నుంచొచ్చి తలుపు తీస్తే నాకు మొగుడు కావాలి గానీ ఇంకో పేషెంటు కాదు. అందుకే అడగలేదు. సాలా?"

ఆ మాట నిజమని అతనికి తెలుస్తూనే ఉంది, దానివల్ల కోపం తగ్గకపోగా మరింత రగిలింది. ఆ రాత్రి ఇద్దరూ అన్నం తినలేదు.

మర్నాడు పొద్దున్నే ఆమెతో చెప్పకుండా కోరాపుట్ వెళ్ళే రైలెక్కాడు. రైలైతే పెట్టెలో మరుగుదొడ్డి ఉంటుంది. దాని తలుపు పక్కనే నిలబడి వెళ్ళాడు. కోరాపుట్‌లో ఒక డాక్టరమ్మ మూత్ర సంబంధమైన జబ్బులు చూస్తుందని విన్నాడు. తన వంతు రాగానే కుర్చీలో కూర్చోకుండానే మొదలుపెట్టాడు. పక్షవాతం వచ్చింది, అప్పటినుంచీ పంట్లాంలో పోతోంది, ఇన్నాళ్ళూ ఒక్క డాక్టరూ ఈ మాట అడగలేదు, మీరు కూడా వయసు మీదపడిందంటే ఇప్పుడే వెళ్ళిపోతాను అన్నాడు ఒడియాలో.

ఆమె కూర్చోమంది. మూత్రం పరీక్ష చేయించింది, కడుపు మీద గొట్టంలాంటిది పెట్టి స్కానింగ్ తీయించింది. ప్రోస్టేటు గ్రంథి కాస్త పెరిగినా అసలు కారణం అది కాదనీ, మెదడులో దెబ్బ తగిలిన చోటే మూత్రాన్ని ఆపే అదుపు కూడా ఉంటుందనీ, పక్షవాతం వచ్చిన మగవాళ్ళలో చాలామందికి ఇలా అవుతుందనీ చెప్పింది. చాలామందికా అన్నాడు అంద్రెయ. చాలామందికి అంది ఆమె. నీళ్ళు మానేయడం వల్ల చీము పట్టింది, అందుకే మరీ మంటగా, మరీ తొందరగా వస్తోంది. నీళ్ళు తాగాలి. వచ్చినా రాకపోయినా రెండేసి గంటలకోసారి లేచి వెళ్ళాలి. పొత్తికడుపు కింది కండ బిగబట్టి వదిలే కసరత్తు చెయ్యాలి. మందులు రాసింది. పంట్లానికి బొత్తాలు తీసేసి అతుక్కునే పట్టీ కుట్టించుకోమంది. పూర్తిగా పోతుందని మాట ఇవ్వలేననీ, బాగా తగ్గుతుందని మాత్రం చెప్పగలననీ అంది.

మరి ఇన్నాళ్ళూ ఎవరూ ఎందుకు చెప్పలేదని అడిగాడు. ఆమె పెన్ను మూత తిప్పుతూ, మేం చేతులూ కాళ్ళూ చూస్తాం, మనిషి బతికాడా అని చూస్తాం, ఇది అడగడం మర్చిపోతాం, మీరేమో చెప్పరు అంది.

వేరొకరైతే ఊరటతో కన్నీళ్ళు పెట్టుకునేవారేమో. అంద్రెయకి తిరుగురైల్లో కూర్చున్నంతసేపూ ఒళ్ళు మండిపోతూనే ఉంది. ఇంత చిన్న సంగతా? లేచి వెళ్ళడం, నీళ్ళు తాగడం, ఒక మాత్ర? దీనికోసమా గుడి పోయింది, పెళ్ళి పోయింది, పెళ్ళాం పక్కన పడక పోయింది? నోటితో ఎవడైనా ఒక్క ప్రశ్న అడిగి ఉంటే ఏడాది బతుకు మిగిలేది. స్టేషన్లో నీళ్ళసీసా కొని గటగటా తాగాడు. చాలా నెలల తర్వాత పగటిపూట నీళ్ళు తాగడం.

సోమవారం బడికి వెళ్ళి నేరుగా హెడ్మాస్టరు గదిలోకి నడిచాడు. ఈసారి కాలు సంగతి ఎత్తలేదు. జబ్బు ఏమిటో, డాక్టరు ఏం చెప్పిందో, ఏ వేళలకి తాళం తీయాలో చెప్పాడు. మనోరంజన్ బాబు మొహం ఎర్రబడింది. ఇలాంటివి కమిటీ నిర్ణయించాలన్నాడు. మీ ఆవిడ మాన్పిస్తానన్నారు కదా అన్నాడు. చివరికి గొంతు తగ్గించి, ఇన్నేళ్ళు గౌరవంగా పనిచేశారు, ఆ గౌరవం ఉండగానే తప్పుకుంటే మీకే మంచిది కదా అన్నాడు.

అంద్రెయ బయటికి వచ్చాడు. వరండా చివర దూలానికి బడిగంట వేలాడుతోంది, రైలుపట్టా ముక్క. దాన్ని కొట్టే ఇనపకడ్డీ పక్కన మేకుకి ఉంది. కడ్డీ తీసుకున్నాడు. బాత్‌రూమ్ తలుపు ముందు కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడి, కుడిచేత్తో తాళం మీద బాదాడు. మొదటి దెబ్బకి తాళం ఎగిరి తలుపుకి తగిలింది. ప్రతి దెబ్బకీ ఇనుము మోగుతుంటే, వేళ కాని వేళ గంట కొడుతున్నారనుకుని పిల్లలు తరగతుల్లోంచి తలలు బయటపెట్టారు. మనోరంజన్ బాబు పరుగెత్తుకొచ్చి, అంద్రెయ బాబూ, అంద్రెయ బాబూ అంటున్నాడే గాని దగ్గరికి రావడానికి జంకాడు. తాళం ఊడలేదు గాని అది వేలాడే గొళ్ళెం పీక్కుని వచ్చేసింది. అంద్రెయ కడ్డీని గోడకి ఆనించి, లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నాడు.

బయటికి వచ్చేసరికి వరండాలో టీచర్లంతా ఉన్నారు. సైన్సు చెప్పే సుజాత టీచరు, పొట్టంగి నుంచి కొత్తగా వచ్చి చేరిన అమ్మాయి, చేతిలో పుస్తకాలు పక్కామెకి ఇచ్చి, హెడ్మాస్టరు ముందునుంచే నడిచి లోపలికి వెళ్ళి గడియ పెట్టుకుంది. ఆమె వచ్చాక ఇంకొకామె వెళ్ళింది. ఆ బడిలో ఆడవాళ్ళు పొద్దున్నించి సాయంత్రం దాకా చుక్క నీళ్ళు తాగరన్న సంగతి అంద్రెయకీ ఆవేళే తెలిసింది. ఇన్నేళ్ళు వాళ్ళ పక్కన కూర్చుని టిఫిను తిన్నాడు. అడగలేదు.

బడి ఆస్తి పాడుచేశాడని కమిటీ పిలిచింది. ఉద్యోగం నుంచి తీసెయ్యాలని ఒకాయన, జబ్బుమనిషి గనక క్షమాపణ చెబితే వదిలేద్దామని ఇంకొకాయన. అంద్రెయ నిలబడే ఉన్నాడు. ఇంతలో దయావతి వచ్చింది, డ్యూటీ బట్టల్లోనే. ఆమెని హెడ్మాస్టరే పిలిపించాడు, మొగుడికి నచ్చజెబుతుందని. ఆమె కుర్చీ చూపించినా కూర్చోలేదు. తాను ఫోన్లో చెప్పినదంతా తన భర్తని అడక్కుండా చెప్పిందనీ, అది వెనక్కి తీసుకుంటున్నాననీ ఒడియాలో అంది. ఆయన ఉద్యోగం గురించైనా, ఒంటి గురించైనా ఆయనతోనే మాట్లాడండి అంది. కమిటీ పెద్ద అంద్రెయ వైపు తిరిగి, మరి మీరు క్షమాపణ చెబుతారా అని అడిగాడు.

"చెప్పను" అన్నాడు అంద్రెయ. "గొళ్ళెం బిగించి ఇస్తాను. క్షమాపణ చెప్పను. వరండాలో నేను నిలబడిపోయినప్పుడు నాకు ఎవరు చెప్పారు?"

చాలాసేపు గొణుక్కున్నారు. సుజాత టీచరూ మిగిలిన ఆడవాళ్ళూ బయట నిలబడి ఉండడం కిటికీలోంచి కనిపిస్తూనే ఉంది. తీసెయ్యలేదు. తాళమూ మళ్ళీ వెయ్యలేదు. అయితే పదో తరగతి అతని చేతిలోంచి తీసేసి ఆరో తరగతి ఇచ్చారు, పెద్దపిల్లల ముందు బాగుండదన్నారు. ఆ దెబ్బ గట్టిగానే తగిలింది. ఒప్పుకోవద్దు, గొడవ పెట్టండి మాస్టారూ అంది సుజాత. పెడతాను, ముందు ఊపిరి తీసుకోనీ అమ్మీ అన్నాడు.

ఇంటికొచ్చేదారిలో దయావతి పక్కనే నడిచింది. సంతవీధి దాటాక, ఇంకా తన మీద కోపం ఉందా అని ఆమె అడిగింది.

"ఉంది" అన్నాడు.

"నాకూ ఉంది" అంది ఆమె. నాలుగడుగులు వేశాక, "పాసు ఎలగవుతంది?" అని అడిగింది. అతను చెప్పాడు. మంట తగ్గిందనీ, మాత్ర వేసుకుంటే నోరు ఎండిపోతోందనీ, నిన్న ఒకసారి ఆపుకోలేకపోయాననీ, ఇవాళ ఆపుకున్నాననీ, ఇల్లు చేరేదాకా చెబుతూనే ఉన్నాడు. ఆమె నడుమ నడుమ ప్రశ్నలు వేసింది, ఆస్పత్రిలో వేసినట్టే. అతనికి చిరాకు కలిగింది గాని ఆపమనలేదు. ఆ వారమే ఆమె అతని పంట్లాలన్నిటికీ బొత్తాలు కోసి పట్టీలు కుట్టింది. రెండో మంచం మడిచి గోడకి చేరవేశారు. రబ్బరుషీటు మాత్రం పెద్దమంచం మీదకి వచ్చింది, అతని వైపు.

ఆరో తరగతికి చెప్పడం మొదలుపెట్టిన కొన్నాళ్ళకి, భిన్నాలు చెబుతుండగా మళ్ళీ జరిగింది. వరద కాదు, కొంచెమే, అయినా ముందు బెంచీవాళ్ళకి కనిపించేంత. అంద్రెయ సుద్దముక్క కింద పెట్టాడు. నాకు పక్షవాతం వచ్చింది, దానివల్ల ఇలా అవుతుంది, బట్టలు మార్చుకుని వస్తాను, ఈలోగా అయిదో లెక్క చెయ్యండి అని చెప్పి స్టాఫురూములో దాచుకున్న పంట్లాం తీసుకుని వెళ్ళాడు. తిరిగి వచ్చేసరికి వెనక బెంచీలో ఇద్దరు ఇంకా నవ్వు ఆపుకోలేకపోతున్నారు. అతను వాళ్ళ బల్ల దగ్గరికి కాలు ఈడ్చుకుంటూ నడిచి, వాళ్ళ పుస్తకాల మీద చెయ్యి ఆనించి నిలబడ్డాడు.

"నవ్వడం అయిందా? ఇంకా ఉంటే నవ్వండి, నేను నిలబడతాను."

వాళ్ళు ఆపేశారు. అంద్రెయకి చెవులు ఇంకా వేడిగానే ఉన్నాయి. అయిదో లెక్క ఎవరు చేశారని అడిగాడు. ఎవరూ చెయ్యలేదు. అయితే నల్లబల్ల మీద నేనే చేస్తాను, చూడండి అని సుద్దముక్క తీసుకున్నాడు.